బిర్యానీ సంచిలో ఆక్సీమీటర్

నేను హెల్త్ ఎడ్యుకేటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. అదేం ఉద్యోగమని మా బంధువులు సర్వీసు పొడవునా అడుగుతూనే వచ్చారు. రిటైర్మెంట్ రోజున దండ వేస్తూ కూడా ఒకాయన అడిగాడు. డాక్టరు పని కాదు, నర్సు పని కాదు. జనానికి ఆరోగ్యం గురించి చెప్పడం. అంటే, మాట్లాడినందుకు ప్రభుత్వం నాకు జీతమిచ్చింది. అదే పని ఇంట్లో ఉచితంగా చేస్తే మావారు టీవీ సౌండు పెంచేవారు.

ఈ మధ్య ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు చందానగర్‌లో మా ఇంటికి వచ్చి, "మేడమ్, మీ అనుభవాలు నాలుగు ముక్కలు రాసివ్వండి" అన్నారు. నా ప్రమోషన్ల గురించి రాస్తే నిజంగానే నాలుగు ముక్కలకు మించదు. రిపోర్టులెలా నింపాలో పైవాళ్లు నేర్పుతారు, వద్దన్నా నేర్పుతారు. అందుకని ఒక్క సంగతే రాస్తున్నాను. కోవిడ్ రోజుల్లో పుప్పాలగూడలో, ఒక మూడంతస్తుల బిల్డింగులో జరిగింది. అవి మంచి రోజులని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ పొద్దున్నే లేచి ఎప్పుడెప్పుడు పనికి పోదామా అని నాకు అనిపించిన కాలం సర్వీసంతటిలో అదొక్కటే. ఈ మాట అప్పట్లో ఆఫీసులో ఎవరితోనూ అనలేదు. అంటే సెలవు పెట్టించి పరీక్ష చేయించేవారు.

దగ్గు మాయమైన బిల్డింగు

ఆ బిల్డింగు యాదమ్మది. పుప్పాలగూడ పల్లెగా ఉన్నప్పటి నుంచీ ఉన్న మనిషి. చుట్టూ అద్దాల టవర్లు లేస్తుంటే తను తన జాగాలో ఒక్కో గదే కట్టుకుంటూ మూడంతస్తులు లేపి, కింద తానుండి, పైన కిరాయికిచ్చింది. పైన ఉన్నవాళ్లంతా మిజోరాం పిల్లలు. హోటళ్లలో, బ్యూటీ పార్లర్లలో, కాల్ సెంటర్లలో పనిచేసేవాళ్లు.

కోవిడ్ మొదలుకాగానే ఆ పిల్లల ముఖాలే వాళ్లమీద నేరం మోపాయి. కిరాణా కొట్లోకి వాళ్లు అడుగుపెడితే మిగతావాళ్లు బయటికి అడుగేసేవారు. బస్టాపులో కుర్రాళ్లు "కరోనా, కరోనా" అని అరిచేవారు. గల్లీ వాట్సాప్ గ్రూపులో "మన వీధిలో చైనావాళ్లు, జాగ్రత్త" అని ఒక ఫోటో తిరిగింది. ఫోటోలో ఉన్నది బెండకాయలు ఏరుకుంటున్న ఇద్దరమ్మాయిలు. నిజానికి ఆ నెలలో విదేశాల నుంచి విమానం దిగినవాళ్లు ఆ గ్రూపులోనే ఉన్నారు, అడ్మిన్‌తో సహా.

నేను బీఎస్సీ బోటనీ. తెలియని దాన్ని తెలియజెబితే మనిషి మారతాడని మాకు కాలేజీలో చెప్పారు. అందుకని ఇండియా మ్యాపు చుట్టి చంకలో పెట్టుకుని వెళ్లి, గల్లీ పెద్దల ముందు విప్పి, మిజోరాం మన దేశంలోనే ఎక్కడుందో వేలు పెట్టి చూపించాను. అందరూ శ్రద్ధగా చూశారు. యాదమ్మ మరిది మల్లేశం ఆ గల్లీ సంఘానికి పెద్ద. ఆయన మ్యాపు దగ్గరికి వంగి, "గంత దూరం నుంచి వచ్చిండ్రా? అయితే తోలియ్యాలె మరి" అన్నాడు. మ్యాపు చుట్టుకుని వచ్చేశాను.

ఇక మా దవాఖాన చేసిన ఘనకార్యం వేరు. మొదటి వేవ్‌లో ఆ బిల్డింగులో ఒకమ్మాయికి పాజిటివ్ వచ్చింది. సైరన్ మోగిస్తూ అంబులెన్స్ పంపాం. తెల్ల సూట్లలో నలుగురు దిగి ఆ అమ్మాయి పేరు గల్లీ అంతా వినపడేలా పిలిచారు. గేటుకు స్టిక్కరు, గల్లీకి అడ్డంగా రేకులు. రూల్సు ప్రకారం అన్నీ సక్రమంగా జరిగాయి. ఫలితం కూడా కనిపించింది. ఆ రోజు నుంచి ఆ బిల్డింగులో ఎవరూ దగ్గలేదు. జ్వరం రాలేదు. తలనొప్పి సైతం లేదు. మా రికార్డుల్లో పుప్పాలగూడ మొత్తంమీద అంత ఆరోగ్యవంతమైన కట్టడం మరొకటి లేదు.

కొత్తగా వచ్చిన పిల్లలకు నేను చెప్పే మొదటి మాట ఇదే. కేసులు లేని చోటును చూసి సంతోషించకండి. జబ్బు లేక కేసులు లేవా, మనమంటే భయంవల్ల లేవా అన్నది ముందు కనుక్కోండి.

ఏం చేయకూడదో అడిగిన డాక్టరమ్మ

మా మెడికల్ ఆఫీసరు డాక్టర్ సత్యవతి గారు కోనసీమ మనిషి. "అండి" లేకుండా ఆవిడ కుక్కను కూడా అదిలించరు. నేను చాలామంది బాసుల కింద పనిచేశాను. ఎక్కువమంది మంచివాళ్లు, ముఖ్యంగా టూర్లలో ఉన్నప్పుడు. తప్పు జరిగిందని చెప్పడానికి కమిటీ వేయని బాసు మాత్రం ఈవిడొక్కరే.

రెండో వేవ్ మొదలవుతోందన్న వార్తలు రాగానే ఆవిడ నన్ను పిలిచి, "ఆ బిల్డింగు సంగతి నాకు నిద్ర పట్టనివ్వట్లేదండీ. దగ్గు దాచుకునేవాళ్లు రేపు ఊపిరాడకపోయినా దాచుకుంటారు. వెళ్దాం పదండి" అన్నారు. ఇద్దరం మామూలు చీరల్లో, ఆటోలో వెళ్లాం.

యాదమ్మ గేటు దగ్గరే పట్టుకుంది. "ఏంది మేడమ్, మల్ల వచ్చిండ్రు? ఈసారి రేకులు తెచ్చిండ్రా, మందు తెచ్చిండ్రా?"

"ఉత్త చేతులతో వచ్చామమ్మా" అన్నాను.

"గదే మంచిగున్నది. రాండ్రి." నడుస్తూనే అందుకుంది. "రేకులు గొట్టింది మీరు, పిల్లలు గాదు. ఆ దినాలల్ల నా బీపీ గోలీలు అయిపోతే మీ దవాఖానల ఫోన్ ఎత్తినోడు లేడు. మీది అంతస్తుల ఉండే రువాతి లేదా, గా పిల్ల, రేకుల సందుల నుంచి చెయ్యి బెట్టి మెడికల్ షాపాయనతోని తెప్పిచ్చింది. నేను ఇగ ఎవరిని బయటికి తోలాల్నో జర చెప్పుండ్రి."

డాక్టరుగారు నేరుగా డాబా మెట్లెక్కారు.

డాబామీద దూరదూరంగా కూర్చున్నాం. రువాతి ముందుకొచ్చింది. ఫుడ్ డెలివరీ కంపెనీ కస్టమర్ సపోర్టులో టీమ్ లీడ్. తెలుగు ఆమెకు ఎవరూ నేర్పలేదు. పక్క సీట్లవాళ్లు కోపంగా ఉన్న కస్టమర్లతో మాట్లాడుతుంటే విని నేర్చుకుంది. అందుకే ఆమె తెలుగులో మనం ఎప్పుడూ కోపంగా ఉన్న కస్టమర్లమే.

"నమస్కారమండి. మీ సమస్య మాకు చాలా ముఖ్యం" అంది.

"సమస్య మాది కాదమ్మా, మీది" అన్నాను.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం."

డాక్టరుగారు నవ్వాపుకుని, "ఈసారి మమ్మల్ని ఏం చేయమంటారో మీరే చెప్పండి" అన్నారు. అందరూ నీళ్ల ట్యాంకును చూశారు. ఆవిడ ప్రశ్న మార్చారు. "పోనీ, మేం ఏం చేయకూడదండీ?"

అంతే! ఒక్కసారిగా డాబా అంతా మాటలు. సైరన్ వద్దు. తెల్ల సూట్లు వద్దు. స్టిక్కరు వద్దు. గల్లీలో పేరు పెట్టి పిలవొద్దు. ఒకమ్మాయి, "ఫోటో వద్దు మేడమ్, ముఖ్యంగా పళ్లు పంచేటప్పుడు" అంది. నేను రాసుకోలేక చేతులెత్తేశాను. అన్నేళ్లు మైకు పట్టుకుని "మీరేం చేయాలంటే" అని మొదలుపెట్టినదాన్ని, ఆ సాయంత్రం ఒక్క "కూడదు"కు వచ్చినన్ని జవాబులు ఎన్నడూ వినలేదు. ఇంటికొచ్చి మావారిని కూడా అడిగాను, నేనేం చేయకూడదని. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నారు.

సంచీ, స్వరం

వద్దన్నవన్నీ మానేస్తే మరి చేయడానికి ఏం మిగిలింది? మాకు రెండు కావాలి. ఎవరికి ఊపిరి తగ్గుతోందో తెలియాలి. తెలిశాక గల్లీ కంట పడకుండా ఆక్సీమీటరు, అంటే వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూసే ఆ చిన్న పరికరం, ఆ గదికి చేరాలి.

రెండోదానికి దారి మవియా చూపించాడు. ఒక రెస్టారెంటులో వంటవాడు, భారీ మనిషి, నిదానస్తుడు. తెలుగు వంటింట్లో నేర్చుకున్నాడు కాబట్టి రువాతి తెలుగుకు, అతని తెలుగుకు పొంతన లేదు.

"గింత పరేషాన్ ఎందుకు మేడమ్? డెలివరీ సంచిల పెట్టి పంపుండ్రి. గీ ఏరియాల డెలివరీ సంచి మోస్తె మంత్రి పోయినా ఎవడు సూడడు."

నిజమే! ఐటీ కంపెనీలుండే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ చుట్టుపక్కల వీపుకు ఆ చతురస్రపు సంచీ ఉంటే చాలు, ఆ మనిషి ఎవరికీ కనిపించడు. సెక్యూరిటీ గార్డు కూడా ఎదురు ప్రశ్న వేయడు. బిల్డింగులోనే డెలివరీ చేసే ఇద్దరు పిల్లలున్నారు. సంచిలో ఆక్సీమీటరు, థర్మామీటరు, మాత్రలు, పైన అనుమానం రాకుండా ఒక బిర్యానీ డబ్బా. తర్వాతి వారాల్లో ఆ బిల్డింగువాళ్లు బిర్యానీ తెగ తింటున్నారని గల్లీలో పేరొచ్చింది. చైనావాళ్లన్న పేరుతో పోలిస్తే అదెంతో నయం.

మొదటిదానికి దారి రువాతిది. వాళ్లంతా ఒకే చర్చి కొయిర్‌లో, అంటే పాటల బృందంలో, పాడేవాళ్లు. తెలుగువాళ్ల చర్చిలో పొద్దున తెలుగు ఆరాధన అయ్యాక మధ్యాహ్నం హాలు వీళ్లకిచ్చేవారు. హాలు మూతపడటంతో సాధన ఫోనులోకి వచ్చింది. రోజూ సాయంత్రం రువాతి ఒక శ్రుతి రికార్డు చేసి పంపుతుంది. ఆ శ్రుతిలో తమ తమ స్వరాన్ని ఒక్కొక్కరు ఒక్క గుక్కలో ఎంతసేపు లాగగలరో అంతసేపు లాగి రికార్డు చేసి తిరిగి పంపాలి. ఎవరి ఊపిరి ఎంతో ఆమెకు ఎప్పటినుంచో తెలుసు.

"ఎలా ఉన్నావని అడిగితే అందరూ సూపర్ అంటారండి" అంది. "పాడమంటే మాత్రం సూపర్ అని పాడలేరు కదండి."

డాక్టరుగారి వైపు చూశాను. ఆవిడ కళ్లు మెరుస్తున్నాయి కానీ మాట మాత్రం డాక్టరు మాటే. "చూడండి, ఇది పరీక్ష కాదండీ. పాట బాగుందని జబ్బు లేదని నేనననుగాక అనను. స్వరం బాగున్నా జ్వరముంటే చెప్పాల్సిందే. స్వరం తగ్గితే మాత్రం ఆలస్యం లేకుండా సంచీ వెళ్లాలి, ఆక్సిజన్ చూడాలి. పాట మనల్ని ఆ గది తలుపుదాకా తీసుకెళ్తుంది. అక్కడ నుంచి వైద్యం. ఒప్పుకుంటారా?"

"మీ నియమ నిబంధనలకు మేము అంగీకరిస్తున్నాం" అంది రువాతి.

యాదమ్మ మెట్లమీద నిలబడి అంతా విన్నది. "జొరమొచ్చిందని చెప్పినోళ్లను నేను ఖాళీ జేయియ్య. దాపెట్టినోళ్లను మాత్రం చెవు పట్టుకోని గుంజుకపోతా దవాఖానకు" అంది. అందరికీ ధైర్యమిచ్చింది ఆ మాటే. మా ప్రభుత్వ ముద్రకు ఆ బలం లేదు.

అది పనిచేసింది. సాయంత్రమయ్యేసరికి ఫోను పట్టుకుని కూర్చునేదాన్ని. గది గదికీ ఒక స్వరం. వంటిల్లు తుడుస్తూ పాడినవాళ్లు, ఆఫీసు కాల్ మ్యూట్‌లో పెట్టి పాడినవాళ్లు. ఇద్దరు ముగ్గురి స్వరం తెగింది, సంచీ వెళ్లింది, సైరన్ లేకుండా చికిత్స జరిగింది, తిరిగొచ్చారు. గల్లీకి తెలియదు. మా పైఆఫీసుకు మాత్రం తెలియజేశాం. అక్కడి పెద్దాయన వీడియో కాల్‌లో ఆసాంతం విని, "బాగుంది. కానీ సంగీతం ఏ పద్దు కిందికి వస్తుంది?" అని అడిగారు.

శ్రుతి మార్చిన వారం

ఎండలు ముదిరాయి. బెడ్లు దొరకడం కష్టమైంది. గల్లీలో భయం పెరిగింది. ఒకరోజు మల్లేశం యాదమ్మ గేటు ముందు నిలబడి, పైవాళ్లకు వినపడేలా, "వదినే, ఇంకొక్క కేసు వచ్చిందంటే బిల్డింగు మొత్తం ఖాళీ జేయిస్తం. సంఘం తీర్మానం" అని చెప్పి వెళ్లాడు. ఆ మాట పై అంతస్తులకు చేరింది. మవియా గదికి కూడా.

ఆ మర్నాడు సాయంత్రం రువాతి నాకు ఫోన్ చేసింది. గొంతులో కస్టమర్ సపోర్టు లేదు.

"మేడమ్, మవియా స్వరం వచ్చింది. పొడుగ్గా, చాలా బాగుంది."

"మంచిదే కదా!"

"మంచిది కాదండి. ఎండలకు అందరి గొంతులు ఎండుతున్నాయని ఈ వారం నేను శ్రుతి తగ్గించానండి. అందరూ కొత్త శ్రుతిలో పాడారు. మవియా పాత శ్రుతిలో పాడాడు."

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అతను ఆ రోజు పాడలేదు. బాగున్న రోజుల్లో పాడిన పాత రికార్డింగు పంపాడు. ఆమె పంపిన శ్రుతి వినే ఓపిక కూడా లేదు కాబట్టి, అది మారిందని అతనికి తెలియదు.

సంచీ వెంటనే వెళ్లింది. నేను, డాక్టరుగారు దారిలో ఉండగానే ఫోటో వచ్చింది. ఆక్సీమీటరు మీద అంకె తొంభైకి బాగా కింద. బోర్లా పడుకోబెట్టమని డాక్టరుగారు ఫోనులో చెబుతూ, రెండో ఫోనులో బెడ్డు కోసం ఎవరినో బతిమాలుతూ, మధ్యలో ఆటో డ్రైవరుతో "కొంచెం తొందరగా అండీ" అంటూ ఉన్నారు. మూడు పనులు ఒకే గొంతుతో చేయగలగడాన్ని నేను సంగీతమే అంటాను.

బెడ్డు దొరికింది. సైరన్ లేని అంబులెన్స్ మాటిచ్చినట్టే గల్లీ మొదట్లో ఆగింది. అందులోంచి చిన్న సిలిండరు పైకి వచ్చింది. గల్లీ సన్నం, అంబులెన్స్ లోపలికి రాదు. మవియాను నడిపించకూడదు. స్ట్రెచర్ ఆ మెట్ల మలుపులో తిరగదు. అప్పుడు రువాతి తన గదిలోకెళ్లి, ఇంటినుంచి పని చేయమని కంపెనీ పంపిన చక్రాల ఆఫీసు కుర్చీని తోసుకొచ్చింది. చేతులకు ఆనుడు, వీపుకు మెత్త, వెనక కంపెనీ సామాను నంబరు స్టిక్కరు. నలుగురు పిల్లలు కుర్చీతో సహా మవియాను కిందికి దింపారు. ఐటీ కారిడార్ ఈ దేశానికి చేసిన సేవల్లో ఆ కుర్చీని నేను ముందు వరసలో పెడతాను.

అతని పక్కన నడుస్తూ, "పాత రికార్డింగు ఎందుకు పంపావయ్యా?" అన్నాను.

మాస్కు వెనక నుంచి, ఒక్కో మాటకు ఆగుతూ, "నేనొక్కడినైతె... ఫికర్ లేకుండె మేడమ్. అందరిని... ఖాళీ జేయిస్తరు" అన్నాడు.

గేటు తీసేసరికి మల్లేశం, వెనక పదిమంది.

"ఆగుండ్రి! నేను నిన్ననే చెప్పిన. వదినే, ఇగ మొత్తం ఖాళీ."

యాదమ్మ చీర కొంగు ముక్కుకు బిగించి వచ్చి కుర్చీ ముందు నిలబడింది. "ఏమయ్యా మల్లేశం, ఈ బిల్డింగుకు ఇటుకలు నువ్వు మోసినవా?"

"గదిగాదు వదినే, గల్లీ మొత్తం..."

"గల్లీ సంగతి గల్లీ జూస్కుంటది. ఈ పిలగాని ఊపిరి సంగతి ఇప్పుడు జూడాలె. నీ మనుమని బర్త్‌డేకు వంట ఎవరు జేసిండ్రు? రెండుసార్ల బెట్టిచ్చుకోని తిన్నవ్. అప్పుడు చైనాదని అనిపియ్యలే? జరుగు."

మల్లేశం జరగలేదు. గొంతు పెంచాడు. తీర్మానమన్నాడు, పోలీసులన్నాడు, మా పిల్లలన్నాడు, గొంతు పెంచుతూ పెంచుతూ పోయి దగ్గాడు. ఒకసారి కాదు, వరసగా. మాస్కు గడ్డం కింద ఉంది. ఆయన వెనకున్న పదిమందీ ఒకరి కాలు ఒకరు తొక్కుకుంటూ గోడలకు అతుక్కుపోయారు. గల్లీ మధ్య నుంచి చక్కగా దారి పడింది. అది గుట్కా దగ్గని తర్వాత పరీక్షలో తేలింది. కానీ ప్రజారోగ్య సేవలో ఆయనంత సకాలంలో సహకరించినవాళ్లను నేను తక్కువమందినే చూశాను.

చక్రాలు గడగడమంటూ కుర్చీ వెళ్లిపోయింది. డాక్టరుగారు వెళ్తూ వెళ్తూ ఆగి, సంచీలోంచి ఇంకో ఆక్సీమీటరు తీసి, "ఒకసారి వేలు పెట్టండి మల్లేశం గారూ. ఎవరికీ చెప్పం. మేం ఇప్పుడు ఎవరి పేరూ గట్టిగా పిలవట్లేదండీ" అన్నారు.

ఆయన అటూ ఇటూ చూసి, వేలు పెట్టాడు.

బిల్డింగు ఖాళీ కాలేదు. తీర్మానం గురించి తర్వాత ఎవరూ ఎత్తలేదు. యాదమ్మ ఆ సాయంత్రం మెట్లమీద కూర్చుని, పై నుంచి ఒక్కొక్కరి స్వరమూ వినపడుతుంటే, మవియా మంద్రస్వరం ఉండాల్సిన చోట ఖాళీ వచ్చినప్పుడల్లా పైకి చూసింది.

పెద్దల పలకరింపు

ఈ సంగతి టవర్లదాకా పాకింది. ఒక కంపెనీ నుంచి ఉత్సాహవంతులైన పిల్లలు వచ్చి, స్వరం వింటే ఊపిరి చెప్పే యాప్ తయారుచేస్తామన్నారు. మంచి పిల్లలు, మనసున్నవాళ్లు. స్లైడ్లు చాలా అందంగా ఉన్నాయి. యాప్ వచ్చేసరికి వేవ్ వెళ్లిపోయింది. అందులో రువాతి కోసం ఒక డాష్‌బోర్డు కూడా పెట్టారు. ఆమె చూసి, "మీ అభిప్రాయాన్ని సంబంధిత విభాగానికి తెలియజేస్తామండి" అంది. ఆ మాటకు అర్థమేమిటో ఆ రంగంలో పనిచేసేవాళ్లకు తెలుసు కాబట్టి వాళ్లు మళ్లీ రాలేదు.

పైఆఫీసు పెద్దాయన కూడా మనసు మార్చుకుని, అన్ని చోట్లా పాటలు పాడించమని ఆర్డరు పంపారు. నేను జీడిమెట్లలో ఒడియా కూలీల షెడ్డుకు వెళ్లి పాడమన్నాను. వాళ్లు నన్ను జాలిగా చూశారు. డ్యూటీ దిగి వచ్చిన మనిషిని పాడమనడం ఎంత దారుణమో వాళ్ల ముఖాలు చెప్పాయి. ఈసారి మ్యాపు తీయలేదు. మీరు రోజూ గట్టిగా ఏం మాట్లాడుకుంటారని అడిగాను. లోడింగులో డ్రమ్ములు గట్టిగా లెక్కపెట్టుకుంటారట, ఎవరు ఒక్క గుక్కలో ఎక్కువ లెక్కపెడతారని పందెం కూడా వేసుకుంటారట. మాకు కావాల్సిందదే! ఆ పందెం ఫోనులోకి ఎక్కింది. యాదమ్మ తోటి ఆడవాళ్లకు బతుకమ్మ పాటల్లో చివర లాగే లాగుడు సరిపోయింది. తెలుగు చర్చి పెద్దలు కీర్తనలకు దిగారు. వాళ్లలో ఒకాయన స్వరం మొదటినుంచీ తేడాగానే ఉండేదని, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని ఆయన భార్యే చెప్పింది.

అందుకని, పిల్లలూ, పుప్పాలగూడ పద్ధతి అని దీన్ని మీరు ఎక్కడికీ మోసుకెళ్లొద్దు. అక్కడి జనాన్ని అడిగిన ఆ ప్రశ్నను మోసుకెళ్లండి. ఏ మనుషులను చూసి ఊరు పక్కకు జరుగుతుందో వాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి. మీరేం చేయకూడదో అడగండి. ఆ తర్వాత కాసేపు నోరు మూసుకోండి. ఈ చివరిది మా వృత్తిలో కష్టమైన భాగం. దానికి ఇంక్రిమెంటు లేదు.

ఆర్డరు పెట్టని బిర్యానీ

రిటైరయ్యాక పోయిన నెలలో నాకు జలుబు చేసింది. జలుబే. రువాతి ఏదో పనిమీద ఫోన్ చేసి గొంతు విని, "ఎలా ఉన్నారండి?" అంది.

"సూపర్" అన్నాను.

"ఒకసారి పాడి వినిపిస్తారా అండి?"

నేను పాడాను. నా పాట ఎలాంటిదో మావారు టీవీ సౌండుతో తెలియజేశారు. "మీ ఓపికకు ధన్యవాదాలు" అని ఆమె పెట్టేసింది.

గంట గడిచిందో లేదో కాలింగ్ బెల్లు. తలుపు తీస్తే చతురస్రపు సంచీ, దాని వెనక నిండుగా మవియా. ఆసుపత్రిలో చాలా రోజులు ఉండి, ఆ తర్వాత చాలా నెలలు నాలుగు మెట్లెక్కితే కూర్చుండిపోయిన మనిషి. మా అపార్టుమెంటులో లిఫ్టు ఆ వారమంతా చెడిపోయి ఉంది, మేముండేది నాలుగో అంతస్తు.

"నేను ఆర్డరు పెట్టలేదయ్యా" అన్నాను.

అతను సంచీ దించుతూనే మొదలుపెట్టాడు. ఇప్పుడు తానే హెడ్ కుక్కని, యాదమ్మ ఆంటీ పై గదికి కొత్త కిటికీ పెట్టించిందని, మల్లేశం సారు మనుమని బర్త్‌డేకు మళ్లీ తననే పిలిచాడని, బిర్యానీ దమ్ముమీద నుంచి దించి నేరుగా తెచ్చానని, అడుగున ఆక్సీమీటరుంది ముందు అది పెట్టుకోమని, జలుబును లైట్ తీసుకోవద్దని, గుమ్మంలో నిలబడి గడగడా చెప్పుకుపోయాడు.

అందులో సగం నేను వినలేదు. మధ్యలో ఎక్కడైనా ఊపిరి తెగుతుందేమోనని చూస్తున్నాను. తెగలేదు.